గుర్రం వెనక కాళ్ళు

జూలై 2

కమిటీ మెంబరు గారికి, అంటే మా చెల్లెలికి,

ఆ రోజు స్కూల్లో హెడ్మాస్టారు నా చెవి పట్టుకుని ఆడపిల్లల వరస దగ్గరికి లాక్కొచ్చి, నీ ముందు నిలబెట్టి, "వీడు మీ అన్నేనా?" అని అడిగాడు. నువ్వు తల దించుకున్నావు. అవుననలేదు. కాదని కూడా అనలేదు. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఇప్పుడు నా నోట్లో ఉన్నవి కట్టుడు పళ్ళు. జుట్టు పోయింది, చూపు తగ్గింది, నీ దించిన తల మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోలేదు. నీ పెళ్ళిలో నీ పక్కన నిలబడి ఫొటో దిగినప్పుడు కూడా అదే గుర్తొచ్చింది. ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, ఎందుకంటే నువ్వు మళ్ళీ అదే పని చేస్తున్నావు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నాకు కోపం వస్తే మాట ఆగిపోతుంది, ఆ సందులో నువ్వు పాఠం చెప్పి పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. నాకు రాయడం కుట్టడం కంటే కష్టం, ఒక్కో పేరాకి ఒక్కో పూట పడుతుంది. కాబట్టి శ్రద్ధగా చదువు.

నా మనవరాలు, మావాడి కూతురు, నువ్వు చూసినప్పుడు చంటిది. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. వాళ్ళ స్కూల్లో ఒక నాటకం వేస్తున్నారు. శత్రువులు కోటని చుట్టుముట్టిన కథ, చివరి ఏలిక కథ. మనం చదువుకున్న పాఠంలో ఆయన సాయం తేవడానికి ఒంటరిగా కోట దాటి వెళ్ళాడు. ఈ నాటకంలో ఆయన తివాచీలో చుట్టుకుని పారిపోతాడు. మోసుకెళ్ళే నౌకర్లు ఇద్దరూ దారిలో ఆ తివాచీని ఎంతకి అమ్ముకోవచ్చో మాట్లాడుకుంటూ ఉంటారు. లోపల నుంచి ఏలిక "ఇంకాస్త ఎక్కువ అడగండి" అంటాడు. అది విని నేను స్టూలు మీద నుంచి పడ్డంత పని అయింది.

ఏలిక గుర్రాన్ని కుట్టింది నేనే. పాత బస్సు సీట్ల రెక్సిన్, లోపల పీచు, తోకకి తాడు. నడుం దగ్గర కొక్కేలు పెట్టాను. ఎందుకంటే ముందు కాళ్ళు యుద్ధానికి పోదామంటాయి, వెనక కాళ్ళు ఇంటికి పోదామంటాయి, ఆఖరికి గుర్రం రెండు ముక్కలై చెరో దిక్కుకి పోతుంది. నా మనవరాలు వెనక కాళ్ళు. మొదట నాకు ఒళ్ళు మండింది. "మనింటి పిల్లకి ముందు కాళ్ళు ఇవ్వడానికి వాళ్ళకి ఏం పోయింది?" అన్నాను. "తాతా, తెలివైన మాటలన్నీ వెనక కాళ్ళవే" అంది. చదివి వినిపించింది. నిజమే.

ఇంతలో స్కూలు నాటకాలకి అనుమతి ఇచ్చే మీ కమిటీ కాగితం వచ్చింది. చరిత్ర మీద ఎగతాళి కాబట్టి ఏ వయసు పిల్లలు చూడొచ్చో తేల్చేదాకా నాటకం ఆపాలట. చూడకూడని వయసు వాళ్ళు ఆడకూడదని మీ రూలు. అంటే మా పిల్ల గుర్రంలోంచి బయటికి రావాలి. కాగితం కింద మూడు సంతకాలు. ఒకటి ఎవరో లాయరుది, ఒకటి డాక్టరమ్మది, మూడోది చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు పలక మీద కూడా చివరి అక్షరానికి అలాగే తోక లాగేదానివి.

నేనేం చేశానని ఆ రోజు నన్ను బయటికి పంపారు? హెడ్మాస్టారు శాలువా కప్పుకుని, అట్ట కత్తి పట్టుకుని, ఏలిక మాటలు చెప్తున్నాడు. "ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యను" అన్నాడు. కందిరీగ వచ్చింది. ఆయన వెనక్కి, వెనక్కి, వెనక్కి వేసి వేదిక మీద నుంచి పూలకుండీలో పడ్డాడు. బడి మొత్తం నోరు మూసుకుని నిలబడింది. నేను నవ్వాను. అంతే నా నేరం. నవ్వడానికి నేను చరిత్ర చదవాలా? కందిరీగ చదివిందా?

పద్నాలుగేళ్ళ వాళ్ళు నవ్వొచ్చని రాసి, సంతకం పెట్టి పంపు.

ఇట్లు,
నువ్వు అవునని చెప్పని అన్న


జూలై 9

అన్నయ్యకి,

ఇన్నేళ్ళ తర్వాత ఉత్తరం రాసి మొదటి ముక్కలోనే నా చెవి మెలిపెట్టడం నీకే చెల్లింది. నువ్వు నా కుశలం అడగలేదు, నేను అడుగుతున్నాను. మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కి ఆ పై గదిలో కూర్చుని కుడుతున్నావని మీవాడు చెప్పాడు. దుకాణాన్ని కింది గదిలోకి మార్చుకోమని డాక్టరు చెబితే, సోఫాలు పైకి ఎక్కగా లేనిది నేను ఎక్కలేనా అన్నావట. ఇక్కడ వానలు. నా కుండీలో మందార మొక్క చచ్చిపోయింది, నేను బాగానే ఉన్నాను.

మేము వద్దని రాయలేదు. ఇంకోసారి చూసి చెబుతామని రాశాం. కాగితాన్ని నువ్వు సగం చదివి సగం ఊహించుకున్నావు. లాయరు గారికి నాటకం నచ్చింది. డాక్టరమ్మకి గుర్రం స్టేజి మీద లద్దె వేయడం నచ్చలేదు. అది కూడా నువ్వు కుట్టినదేనని ఇప్పుడు అర్థమైంది. నాకు లద్దెతో పేచీ లేదు. తివాచీతోనూ లేదు. ముప్పయ్యేళ్ళు ఆ ఏలిక పాఠం చెప్పినదాన్ని, ఆయన మీద నవ్వితే ఆయన పరువు పోతుందని నేను అనుకోను.

నా పేచీ జీను సీనుతో. ముట్టడిలో కోటలో తిండి అయిపోయి జనం జీనుల తోలు ఉడకబెట్టుకుని తిన్నారు. నాటకంలో ఒక ముసలమ్మ ఆ తోలు నములుతూ సాగదీస్తుంది, అది జారి పక్కవాడి మొహానికి తగులుతుంది, వాడు ఎగిరి పడతాడు. మేము చూసిన రోజు ముందు వరసలో ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు కూర్చున్నారు. వాళ్ళు అన్నిటికంటే గట్టిగా నవ్వింది అక్కడ. ఏలిక మీద కాదు. ఆకలి మీద. పెద్దవాళ్ళ మీద నవ్వడం పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టుకతో వస్తుంది. తిండి లేనివాళ్ళ మీద నవ్వడం మనం దగ్గరుండి నేర్పకూడదు. ఆ వయసులో ఎగతాళి ముందు అందుతుంది, ఎవరి మీద ఎందుకో తర్వాత అందుతుంది. ఆ తర్వాత అనేది కొందరికి రానే రాదు. అందుకే నేను ఆలోచిస్తున్నాను. నీ మీద కోపంతో కాదు.

ఇక స్కూలు సంగతి. క్షమాపణ చెప్పి వచ్చి కూర్చోమన్నారు హెడ్మాస్టారు. నాన్న బతిమాలారు. అమ్మ అన్నం మానేసింది. నువ్వు కదల్లేదు. మర్నాడే సీట్లు కుట్టే కొట్లోకి వెళ్ళి దబ్బనం పట్టుకున్నావు. నీ చదువు నీ పంతం వల్ల పోయింది. దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టకు.

ఇంకో మాట. కమిటీలో ఉన్నవాళ్ళకి ఇలా రాయకూడదు. ఇకనుంచి నాటకం గురించి కాకుండా మోకాలి గురించి రాయి.

నీ చెల్లెలు, నీకు ఇష్టమున్నా లేకపోయినా

తాజా కలం: ఇంట్లో కవర్లు అయిపోయాయి. వానలో కొట్టుకి వెళ్ళలేక కమిటీ కవర్లో పెడుతున్నాను. పైన ముద్ర చూసి కంగారుపడకు.


జూలై 14

చెల్లెలికి,

నీ కవరు అందింది. ఎర్ర ముద్ర, కమిటీ అడ్రసు. సొంత అన్నకి ఆఫీసు కవర్లో జవాబు పంపావంటే లోపల ఏముందో నాకు చదివి చెప్పేవాళ్ళు అక్కర్లేదు. తెరవలేదు. తెరవను. నా కత్తిరింపుల బల్లకి ఒక కాలు పొట్టి, దాని కింద పెట్టాను. సరిగ్గా సరిపోయింది. మీ కమిటీ వల్ల ఈ ఇంటికి జరిగిన మేలు ఇదొక్కటే.

గుర్రాన్ని విప్పేశాను. కుట్టడానికి పట్టిన సమయంలో పావు వంతు కూడా పట్టలేదు. పీచు ఒక గుట్ట, రెక్సిన్ ఒక గుట్ట. మనవరాలు స్కూలు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వెనక కాళ్ళ తొడుగులు రెండూ ఏరుకుని, మడతపెట్టి, పుస్తకాల సంచిలో పెట్టుకుని కిందికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. టీ కప్పు తెచ్చి బల్ల మీద పెడుతుంది, వెళ్ళిపోతుంది. కప్పు పెట్టే చప్పుడులోనే అన్నీ చెబుతుంది. ఆ పోలిక నీదే.

నువ్వు గెలిచావు. సంతోషంగా ఉండు.

ఇట్లు,
నీకేమీ కానివాడు


జూలై 18

అన్నయ్యా,

ఇది కార్డు. తెరవక్కర్లేదు. బల్ల కాలు కింద నుంచి ఆ కవరు తీసి చదువు. అందులో వద్దని లేదు. గుర్రాన్ని మళ్ళీ కుట్టు. ఆగస్టు ఒకటిన మేము రెండోసారి చూస్తున్నాం. ఈ కార్డు నీకంటే ముందు పోస్ట్‌మేన్ చదివి ఉంటాడు, ఆయన దగ్గరైనా పరువు నిలబెట్టుకో. బల్ల కింద చెక్క ముక్క పెట్టుకో.

చెల్లెలు


జూలై 27

చెల్లెలికి,

పోస్ట్‌మేన్ కార్డు చేతికిస్తూ "గుర్రం సంగతి చూడండి" అన్నాడు. నీ పని బాగుంది.

కవరు తీసి చదివాను. తప్పు ఎవరిదన్నది వదిలేద్దాం. అయినా, కంగారుపడకు అన్న మాటని కవరు లోపల రాసేవాళ్ళని నేను ఇప్పుడే చూస్తున్నాను. గుర్రాన్ని మళ్ళీ కుట్టాను. ఈసారి మొదటిదాని కంటే బాగా వచ్చింది, మెడ నిక్కి ఉంది. వెనక కాళ్ళ తొడుగులు కావాలని పిల్లని అడగాల్సి వచ్చింది. "విప్పేవాళ్ళకి ఇవ్వను" అంది. తనే పట్టుకుని కూర్చుంది, నేను కుట్టాను. అది వదల్లేదు, నేను విప్పలేదు.

నీ జీను సీను మాట నాకు రుచించలేదు. నవ్వుకి ఇన్ని లెక్కలేమిటి అనుకున్నాను. కానీ తోలు నాకు తెలిసిన సరుకు, దాని గురించి నువ్వు నాకు చెప్పడం ఏమిటని కూడా అనిపించింది. పాత సోఫాలోంచి తీసిన అసలు తోలు ముక్క ఒకటి ఉంది. గిన్నెలో వేసి ఉడకబెట్టాను. ఆ వాసనకి కోడలు వంటింట్లోంచి బయటికి నడిచింది, ఆ గిన్నెని ఇంకా లోపలికి రానివ్వలేదు. ముక్కని గుడ్డలో చుట్టి రిహార్సల్‌కి పట్టుకెళ్ళాను. నాటకం నేర్పే పంతులమ్మ వద్దంటే నేను వినే మనిషినా? "తోలు తినడం అంటే ఏమిటో చూపిస్తాను, చూసి అలా చెయ్యండి" అని పిల్లల ఎదురుగా కుర్చీ వేసుకుని నోట్లో పెట్టుకున్నాను.

పిల్లలు కిసుక్కుమన్నారు. నేను కొరికి లాగాను. తోలుతో పాటు పైపళ్ళ సెట్టు కూడా వచ్చేసింది, ముక్కకి పట్టుకుని వేలాడింది. ఆ నవ్వులు నువ్వు వినాల్సింది. ఏలికగా వేసే పిల్లాడు గోడకి తల ఆనించుకుని ఊపిరాడక కొట్టుకున్నాడు. నాతో మాట మానేసిన పిల్ల నేల మీద కూలబడి నవ్వింది. నేను పళ్ళు కడుక్కుని వచ్చి మళ్ళీ పెట్టుకున్నాను. మళ్ళీ నమిలాను. చూపిస్తానన్నాక చూపించాలి కదా. మళ్ళీ నవ్వారు. నేను ఆపలేదు. దవడ పట్టేసింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఏడుపు కాదు, నొప్పి. తోలు మాత్రం ఎలా పెట్టుకున్నానో అలాగే ఉంది, పంటి గాటు కూడా పడలేదు. నవ్వు పలచబడింది. తర్వాత ఒకరిద్దరే నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. హాల్లో నా నమలడమే వినిపిస్తోంది. అప్పుడు మనవరాలు లేచి వచ్చి, నా గడ్డం కింద చెయ్యి పెట్టి, "చాలు తాతా, ఉమ్మెయ్యి" అంది. ఉమ్మేశాను.

ఆ ముసలమ్మ వేషం కూడా మా పిల్లదే. గుర్రం విడిపోయాక వెనక కాళ్ళకి వేరే పని ఉండదు కదా. ఇప్పుడు ఆ సీను ఎలా చేస్తున్నారో చెప్తాను. పక్కవాడి మొహానికి తగలడం తీసేశారు. ముసలమ్మ కూర్చుని నములుతుంది. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. తను ఆపదు. నవ్వు దానంతటది ఆగేదాకా నములుతూనే ఉంటుంది. అంతా నిశ్శబ్దమయ్యాక మూలనున్న తివాచీలోంచి ఏలిక తల బయటపెట్టి, "మెత్తగా ఉందా?" అని అడుగుతాడు. అక్కడ నవ్వొస్తుంది, కానీ అది వేరే నవ్వు. నీకు అర్థమవుతుంది.

నీ మాట వల్ల సీను పోలేదు. పొడుగైంది.

స్కూలు సంగతి మళ్ళీ చెప్తున్నాను, ఈసారి సరిగ్గా విను. చదువు పోయిందని నేను ఎప్పుడైనా ఏడ్చానా? నా చేతి పని మీద ఊళ్ళో సగం జనం కూర్చుంటున్నారు. క్షమాపణ సంగతి కూడా కాదు. నేను అడిగింది ఒక్కటే. "మీ అన్నేనా" అంటే అవునడానికి నీకు ఏం అడ్డొచ్చింది? నేనంటే సిగ్గా? దానికి జవాబు చెప్పు. మోకాలు నొప్పిగానే ఉంది.

ఇట్లు,
జవాబు అందని అన్న


ఆగస్టు 5

అన్నయ్యకి,

ఈసారి మామూలు కవరు కొని రాస్తున్నాను, చూసుకో.

మొన్న ఒకటో తారీకున పిల్లలని బస్సులో ఇక్కడికి తీసుకొచ్చారు. నేను హాల్లో చివరి వరసలో కూర్చున్నాను. వెనక కాళ్ళు మన పిల్లేనని నువ్వు రాశావు గానీ, పెద్దయ్యాక దాని మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. గుర్రం రెండు ముక్కలయ్యాక, వెనక సగం ఇంటి దారి పట్టే ముందు ఆగి జనం వైపు తిరిగి, తోక సర్దుకుని, ఒక చెయ్యి బయటపెట్టి నడుం మీద పెట్టుకుంది. అచ్చం అమ్మ గుమ్మంలో నిలబడినట్టు. గుర్తుపట్టడానికి మొహం కూడా అక్కర్లేకపోయింది.

జీను సీనులో ముందు వరస పిల్లలు నవ్వారు. తను నమిలింది. నా పక్కన కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. నేను స్టేజిని చూడటం మానేసి వాడినే చూశాను. వాడి నవ్వు ఆగింది. ఆగాక వాడు అటూ ఇటూ చూశాడు, తను నవ్వడం ఎవరైనా చూశారా అని. ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పి ఆ చూపు ఒక్కసారి తెప్పించలేకపోయాను. డాక్టరమ్మ మనసు ఇంకా లద్దె దగ్గరే ఉంది. నాది తేలిపోయింది. పదమూడు దాటినవాళ్ళు చూడొచ్చు, ఆడొచ్చు.

ఇక నీ ప్రశ్న. నేనంటే సిగ్గా అని అడిగావు. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత నీ ఉత్తరాలన్నీ మొదటి నుంచి మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళూ నువ్వు అలా అనుకున్నావా?

అన్నయ్యా, అప్పుడు నేను నవ్వుతున్నాను. కుండీలోంచి హెడ్మాస్టారి కాళ్ళు రెండూ పైకి లేచాయి చూడు, ఒక చెప్పు ఊడి కింద పడింది, అప్పుడే నాకు మొదలైంది. ఆయన నిన్ను లాక్కొచ్చి నా ముందు నిలబెట్టేసరికి నేను జడ కొస నోట్లో కుక్కుకుని ఉన్నాను. అవునడానికి నోరు తెరిస్తే నవ్వు బయటపడుతుంది. తల ఎత్తితే మొహం కనపడుతుంది. ఆయన శాలువా మీద బంతిపువ్వు ఒకటి అతుక్కుని ఉంది, అది నీకు కనపడలేదా? భుజాలు కదలకుండా పట్టుకోవడానికే నా శక్తంతా సరిపోయింది. నీకు తెలుసనుకున్నాను. నేను నవ్వుతున్నానని తెలిసి, నన్ను కూడా పట్టుకోకుండా ఉండాలనే నువ్వు వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్ళావని అనుకున్నాను. పిల్లలకి కోట పాఠం చెప్పిన ప్రతి ఏడూ మా అన్నయ్య నన్ను కాపాడాడని తలుచుకున్నాను. నువ్వేమో ప్రతి ఏడూ నన్ను తిట్టుకున్నావు.

ఇప్పుడు అసలు చిక్కు విను. ఈ నెల ఇరవయ్యో తేదీన కమిటీ తేలుస్తుంది. మొదలుపెట్టే ముందు లాయరు గారు ఎప్పుడూ ఒకే మాట అడుగుతారు, ఆడే పిల్లల్లో మీవాళ్ళెవరైనా ఉన్నారా అని. ఉన్నారంటే ఆ మెంబరు లేచి పక్క గదిలో కూర్చోవాలి. నేను లేస్తే లాయరు గారు సరే అంటారు, డాక్టరమ్మ వద్దంటుంది, తేలదు. తేలకపోతే పద్ధతి ఏమిటంటే, మీ ఊరి హాల్లో ఒక పరీక్ష ఆట వేయాలి. చూసే ప్రతి పిల్లకీ పక్కన ఇంటి పెద్దవాళ్ళొకరు కూర్చోవాలి. ఆట అయ్యాక పెద్దవాళ్ళు చేతులెత్తాలి. వద్దన్నవాళ్ళు ఎక్కువైతే నాటకం పూర్తిగా మూత. ఇంతకుముందు రెండు నాటకాలు అలా మూతపడ్డాయి.

నేను లేవకపోతే ఇరవయ్యో తేదీనే తేలిపోతుంది, మన పిల్ల గుర్రంలో ఉంటుంది. పెళ్ళితో నా ఇంటిపేరు మారింది, మీరెవరో ఇక్కడ ఎవరికీ తెలియదు. లాయరు గారు అడిగినప్పుడు నేను కాగితాలు చూసుకుంటూ తల దించుకుంటే చాలు.

జీవితంలో నేను ఇలాంటి పని చేయలేదు. పిల్ల కోసం చేయమంటే చేస్తాను. నీకు ఒకసారి తల దించుకున్న బాకీ ఉందంటున్నావు కాబట్టి, ఎలా తీర్చాలో నువ్వే చెప్పు.

నీ చెల్లెలు


ఆగస్టు 10

చెల్లెలికి,

నీ ఉత్తరం మనవరాలితో చదివించుకున్నాను. చూపు ఆనక కాదు, నేను చదివితే మధ్యలో ఆగిపోతున్నానని. జడ కొస దగ్గర అది కూడా ఆగిపోయింది.

మొదట ఒక లెక్క సరిచెయ్యాలి. నేను నిన్ను కాపాడలేదు. కోపంతో వెళ్ళాను. గేటు దాటాక రాయిని తన్నితే బొటనవేలు గోరు ఊడింది. ఆ పుణ్యం నాది కాదు, నా ఖాతాలో వేసి ఇన్నేళ్ళు తలుచుకున్నందుకు నేను చేసేదేమీ లేదు. బంతిపువ్వు నాకు కనపడలేదు. కనపడి ఉంటే నన్ను స్కూల్లోంచే కాదు, ఊళ్ళోంచి పంపేవాళ్ళు.

రెండోది. నువ్వు నవ్వావంటున్నావు. నేను నమ్మలేదు. నువ్వు నవ్వగా నేను ఎప్పుడు చూశాను? నీ ఫొటోలన్నీ హాజరు పిలుస్తున్నట్టు ఉంటాయి. ఉత్తరంలో ఎవరైనా ఏమైనా రాయొచ్చు. నాకు కళ్ళారా కావాలి.

మూడోది, తల దించుకోవడం. నేను ఆలోచించాను. అబద్ధం ఎందుకు, ఒక పూటంతా దించుకోమనే అనుకున్నాను. గుర్రం రెండుసార్లు కుట్టాను, తోలు నమిలాను, పళ్ళ సెట్టు వదులైంది, ఇంత చేశాక ఒక్క తల దించితే పనైపోతుందంటే ఎవరికి ఆశ ఉండదు? మనవరాలితో అన్నాను, "మా చెల్లి కాగితాలు చూసుకుంటుందిలే, నీకు ఫరవాలేదు" అని. అది నన్ను ఎలా చూసిందంటే, గుర్రం విప్పిన రోజు కూడా అలా చూడలేదు.

"అంటే మీ చెల్లి కూడా తివాచీలో చుట్టుకుంటారా తాతా?" అంది.

"ఆయన పారిపోతే మేము నవ్వించాలి, ఆవిడ దాక్కుంటే మేము థాంక్స్ చెప్పాలా? అలా ఒప్పించిన నాటకంలో నేను ఉండను. ఇంకెవరినైనా వెనక కాళ్ళు పెట్టుకోమనండి" అంది. తర్వాత కప్పు తీసుకుని వెళ్ళింది. ఈసారి చప్పుడు చెయ్యలేదు. నువ్వు ఏ వయసు వాళ్ళకి అర్థమవుతుందని లెక్కలేస్తున్నావో ఆ వయసు పిల్ల అన్న మాట ఇది. నీ కమిటీలో చెప్పుకో.

కాబట్టి నేను చెప్పేది ఇదీ. ఇరవయ్యో తేదీన లాయరు అడిగినప్పుడు నువ్వు లేచి నిలబడు. కూర్చుని చెప్పకు. తల ఎత్తి, "ఆ గుర్రం వెనక కాళ్ళు మా అన్న మనవరాలు, గుర్రాన్ని కుట్టింది మా అన్న" అను. ముందు అన్న అని రావాలి, తర్వాత గుర్రం వచ్చినా ఫరవాలేదు. చెప్పి పక్క గదిలోకి వెళ్ళి కూర్చో. అక్కడ కుర్చీలు బాగాలేకపోతే నాకు రాయి.

పరీక్ష ఆట వెయ్యనీ. మూతపడుతుందని భయమా? నాకూ ఉంది. పిల్లకి లేదు. చేతులెత్తే పెద్దవాళ్ళలో సగం మంది నేను కుట్టిన కుర్చీల్లోనే కూర్చుంటారు, అది లంచం కింద రాదనుకుంటాను. వాళ్ళు ఏమంటారో నేను చెప్పలేను. కొందరికి ఏలిక మీద భక్తి, కొందరికి లద్దె అంటే అసహ్యం. డాక్టరమ్మకి చెప్పు, లద్దె తగ్గించాను, మూడు ఉండలకి ఒక్కటే ఉంచాను, అది కూడా మెల్లగా పడుతుంది. అంతకంటే తగ్గించను. గుర్రం అన్నాక గుర్రమే.

ఆ హాలు సీట్లు ఈ మధ్యే నేను బాగుచేశాను. మూడో వరస చివర రెండు సీట్ల స్ప్రింగులు పొడుచుకొస్తుంటే విప్పి కొత్తగా కుట్టాను. ప్రతి పిల్లకీ పక్కన ఇంటి పెద్దవాళ్ళు ఉండాలన్నావు కదా. మా పిల్ల స్టేజి మీద ఉంటుంది. నన్ను పద్నాలుగేళ్ళ వాడి కింద లెక్కేసుకో, నువ్వు పక్కన పెద్దదానిలా కూర్చో. తివాచీ దగ్గర నవ్వొస్తే నవ్వు. జడ లేదు కదా ఇప్పుడు నోట్లో పెట్టుకోవడానికి. నువ్వు ఎలా నవ్వుతావో నాకు తెలియదు, అది పక్కనుంచి వినాలి. ఆపుకున్నావంటే మాత్రం నేనే లాయరు దగ్గరికి వచ్చి ఈవిడ మా చెల్లెలు కాదని చెప్తాను. ఆట అయ్యాక నీకు ఏది సరైనదనిపిస్తే దానికి చెయ్యెత్తు. వద్దని ఎత్తినా సరే, పైకి ఎత్తు, అందరికీ కనపడేట్టు.

మోకాలు ఫరవాలేదు. దుకాణం కిందికి మార్చను.

ఇరవయ్యో తేదీన లేచి చెప్తావా, ఆటకి వచ్చి నా పక్కన కూర్చుంటావా, రెండూ రాయి. కార్డు మీద రాయి, పోస్ట్‌మేన్ కూడా ఎదురుచూస్తున్నాడు. రాను అని రాస్తే ఆ సీట్లో గుర్రం ముందు సగాన్ని కూర్చోబెడతాను. పద్దెనిమిదో తేదీ సాయంత్రం టపా వచ్చేలోగా నీ జవాబు నా చేతిలో ఉండాలి. పంతొమ్మిదిన వస్తే తెరవను.

ఇట్లు,
అడిగితే అవునని చెప్పాల్సిన నీ అన్న